బందరు గుడ్డ మీద సర్వ్ చెట్టు

గుడివాడ బస్టాండులో గానీ అవనిగడ్డ సెంటర్లో గానీ మచిలీపట్నం వెళ్లేవాళ్లు ‘బందరు వెళ్తున్నా’ అనే అంటారు. బందరు అంటే పారశీకంలో రేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవుకూ ఇరాన్‌కూ మధ్య ఓడలు నడిచాయి. వర్తకులు వచ్చారు, దివానులు వచ్చారు, వాళ్ల పండగ నౌరోజూ వచ్చింది. 1580లో గద్దెనెక్కిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నౌరోజ్ మీదా వసంతం మీదా దక్కనీలో కవితలు కట్టాడు.

నౌరోజ్ అంటే కొత్త రోజు. పగలూ రాత్రీ సమానమయ్యే వేళ, మార్చి 20నో 21నో వస్తుంది. మన ఉగాదికి ఇరుగుపొరుగు: 2026లో ఉగాది మార్చి 19, నౌరోజ్ మార్చి 20. అది ఇస్లాం కంటే పాత పండగ. మరి ఇస్లాం మార్మికులైన సూఫీల మనసుకు ఎలా పట్టింది?

దారి ఖురాన్‌లోనే ఉంది. ఎండి చచ్చిన నేల వానకు మళ్లీ చిగురించడం పునరుత్థానానికి గుర్తని ఆ గ్రంథం పదేపదే చెబుతుంది. పారశీక సూఫీ కవి రూమీ దాన్ని మనిషి లోపలికి తెచ్చాడు. వసంతపు చలిగాలికి ఒళ్లు దాచుకోవద్దన్న ప్రవక్త మాటను ‘మస్నవి’లో తీసుకుని, ఆ గాలి మహాత్ముల ఊపిరి అన్నాడు. ఆకులు రాల్చే శిశిరం మన అహం, మన కోరిక.

ఏడాది మారే ఘడియలో ఇరాన్ ఇళ్లలో ఒక దువా చేస్తారు. హృదయాలను తిప్పే ఆ ప్రభువును, తమ ‘హాల్’ను అన్నిటికన్నా మేలైన హాల్‌గా మార్చమని వేడుకుంటారు. హాల్ అంటే స్థితి. సూఫీలకు అది బరువైన మాట. హాల్ దైవకృపతో వస్తుంది, వచ్చినట్టే పోతుంది. సాధనతో నిలబెట్టుకునేది మకామ్. ఇలా చూస్తే నౌరోజ్ సంబరమే కాదు, యాచన కూడా.

చిక్కంతా ఇక్కడే. వసంతమూ పోయేదే. దివిసీమలో మినుము నూర్చేసరికి వేప పూత రాలుతుంది, ఆ వెంటే వడగాలి. పోయేదాన్ని పండగ చేసుకోవడం ఎందుకు? పారశీక కవి సాదీ ‘గులిస్తాన్’లో దీనికి ఒక జవాబు దొరుకుతుంది. సర్వ్ చెట్టును, అంటే సైప్రస్‌ను, స్వేచ్ఛ గలదని ఎందుకంటారు? మిగతా చెట్లు ఒక రుతువులో పూచి కాచి, మరో రుతువులో మోడవుతాయి. కాయే కాయని సర్వ్ మాత్రం ఏ కాలంలోనైనా పచ్చగానే ఉంటుంది. వసంతాన్ని అడిగే మనిషి చివరికి కోరుకోవలసింది రుతువుకు లొంగని ఆ పచ్చదనాన్నే.

ఆ సర్వ్ బందరు గుడ్డ మీదికీ ఎక్కింది. ఇరాన్ కొనుగోలుదార్ల అభిరుచికి తగ్గట్టు మెహరాబు కమాను, దాని కింద చెట్టు, చుట్టూ పూలతీగలు అద్దేవారు. ఈ అద్దకానికున్న కలంకారీ అన్న పేరు కూడా పారశీకం నుంచి వచ్చిందే.

ఇప్పుడా పని ఎక్కువగా పెడనలో సాగుతోంది. కరక్కాయ, పాలల్లో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద టేకు అచ్చుతో నలుపు వేస్తారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లే ఆ నలుపు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు ఉండదు. గుడ్డను ఉతికి, రాగి గాబులో రంగు చెక్కతో కలిపి కింద కట్టెలు మండిస్తారు. నీళ్లు మరుగుతుంటే కర్రతో గుడ్డను తిప్పుతూనే ఉండాలి. పటిక తాకిన చోటల్లా, ఒక్కో పువ్వూ, మెల్లగా ఎర్రబడుతుంది.