మార్కులు లేని గది

“సార్, ఇది పరీక్షకు వస్తుందా?”

మా తరగతిలో రోజుకు ఒక్కసారైనా వినిపించే ప్రశ్న ఇది. నేనూ చాలాసార్లు అడిగాను. రాదు అంటే పెన్ను మూసేస్తాము. వస్తుంది అంటే మళ్ళీ తెరుస్తాము. ఇందులో తప్పేముంది అని మొన్నటిదాకా అనుకునేవాణ్ణి. కాని ఎండాకాలం సెలవుల్లో ఒక పాత వీడియో గేమ్ చూసినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఫలితం కనిపించకపోతే నేర్చుకోవడం మానేయవచ్చా?

మా పెద్దమ్మ కొడుకు బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు మా ఊరు హోసూరు వచ్చినప్పుడు తన ల్యాప్‌టాప్‌లో కంప్యూటరుకు ఒక ఆట నేర్పిస్తున్నాడు. ఆట పేరు ‘మాంటెజూమాస్ రివెంజ్’. 1984లో వచ్చింది. దాన్ని తయారు చేసిన రాబర్ట్ జేగర్‌కు అప్పుడు 16 ఏళ్ళేనట. అంటే ఇంచుమించు మా వయసే! పనామా జో అనే మనిషి అజ్టెక్ రాజు మాంటెజూమా గుడి కింద ఉన్న నేలమాళిగల్లోకి దిగుతాడు. నిచ్చెనలు, తాళ్ళు, తాళం చెవులు, పాములు, దొర్లే పుర్రెలు. మొదటి దశలోనే 24 గదులు.

అన్నయ్య రాత్రి దాన్ని అలాగే నడవనిచ్చి పడుకున్నాడు. పొద్దున లేచి చూస్తే స్కోరు సున్నా. మా అవ్వ కాఫీ తాగుతూ తెర వైపు చూసి, “ఏమప్పా, ఆ పిల్లోడు పడి చస్తానే ఉండాడే! వానికి ఎవురూ దోవ చెప్పలేదా?” అంది.

నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఈ పద్ధతిలో కంప్యూటరుకు ఆట నియమాలు చెప్పరు. తెర మీద కనిపించే బొమ్మ, స్కోరు, ఈ రెండే దానికి అందుతాయి. మొదట తోచినట్టు మీటలు నొక్కుతుంది. ఏది చేస్తే స్కోరు పెరిగిందో దాన్ని ఎక్కువగా చేయడం మొదలుపెడుతుంది. 2015లో లండన్‌లోని డీప్‌మైండ్ పరిశోధకులు ఇలా ఒకే పద్ధతితో 49 అటారీ ఆటలు నేర్పించి, ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో రాశారు. సగానికి పైగా ఆటల్లో అది మనిషితో సమానంగానో, మించో ఆడింది. ‘బ్రేకవుట్’లో ఇటుకల గోడకు ఒక పక్కన సందు చేసి బంతిని గోడ పైకి పంపే ఉపాయం తనంతట తనే కనిపెట్టింది. అంత తెలివైనది మాంటెజూమాలో మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది.

కారణం అన్నయ్య చూపించాడు. మొదటి గదిలో తాళం చెవి కళ్ళ ముందే కనిపిస్తుంది. దాన్ని అందుకోవాలంటే నిచ్చెన దిగాలి, తాడు మీదికి దూకాలి, కుడి పక్క నిచ్చెన దిగాలి, దొర్లే పుర్రె మీదుగా దూకాలి, ఎడమ పక్క నిచ్చెన ఎక్కాలి. అప్పుడు 100 పాయింట్లు వస్తాయి. అంతవరకు ఒక్క పాయింటు కూడా రాదు. తోచినట్టు మీటలు నొక్కితే ఇవన్నీ వరుసగా కుదరవు. తాళం చెవికి రెండు అడుగుల దూరం దాకా వెళ్ళి చచ్చినా సున్నాయే, మొదటి అడుగులో చచ్చినా సున్నాయే. రెండింటికీ తేడా ఉందని దానికి తెలిసే దారి లేదు.

ఈ మాట విన్నప్పుడు నాకు మా ఇంటి సంగతి గుర్తుకొచ్చింది. మా మేనమామ వచ్చినప్పుడల్లా, “తెలుగు మీడియంలో చదివితే ఏమొస్తాది?” అని అడుగుతాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఇంగ్లీషు రాలేదని తనకంటే చిన్నవాళ్ళు పైకి పోవడం చూశాడు. బజారులో బోర్డులన్నీ తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి. ఆయన అడిగినప్పుడు నా దగ్గర జవాబు ఉండదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. చనిపోయిన మా తాత ఒక నోటు పుస్తకం దాచిపెట్టాడు. పంట లెక్కలు, వానల లెక్కలు, ఎవరికి ఎంత ఇచ్చిందీ, భజన పాటలు అన్నీ తెలుగులో రాసుకున్నాడు. అవ్వకు చదువు రాదు. నన్ను చదివి వినిపించమని రెండేళ్ళుగా అడుగుతోంది. “పరీక్షలు అయిపోనీ అవ్వా” అని నేను దాటేస్తూ వచ్చాను. ఆ పుస్తకం పరీక్షకు రాదు కదా!

సున్నా దగ్గర ఆగిపోయిన యంత్రాన్ని శాస్త్రవేత్తలు ఎలా కదిలించారు? అన్నయ్య మూడు దారులు చెప్పాడు.

మొదటిది, చూపించడం. 2018లో ఓపెన్ఏఐ వాళ్ళు ఒక మనిషి ఆడిన ఒకే ఒక ఆటను తీసుకున్నారు. దాని చివరి భాగం నుంచి మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతూ నేర్పించారు. 74,500 పాయింట్లు వచ్చాయి. ఇది మన గైడు పుస్తకం లాంటిది. గురువు చూపించకుండా ఎవరు నేర్చుకున్నారు? కాబట్టి దీన్ని తక్కువ చేయను. కాని ఎవరూ నడవని దారికి గైడు దొరకదు.

రెండోది, కుతూహలం. ఇదివరకు చూడనిది చూస్తే స్కోరుతో పని లేకుండా లోపలి నుంచే ఒక చిన్న బహుమతి వచ్చేటట్టు చేశారు. అదే ఏడు ఈ పద్ధతితో యంత్రం సగటు మనిషిని మించింది. ఒక్కోసారి మొదటి దశలోని 24 గదులూ చూసేసింది. నాకు చాలా నచ్చింది. కాని దీనికీ ఒక రోగం ఉంది. ఇంకొక ప్రయోగంలో దారులు వెతకవలసిన చోట ఒక టీవీ పెట్టారు. ఛానెల్ మారిన ప్రతిసారీ కొత్త బొమ్మ. యంత్రం వెతకడం మానేసి టీవీ ముందు ఆగిపోయింది. నేను పగలబడి నవ్వాను. తర్వాత నా చేతిలో ఉన్న ఫోను చూసుకుని నవ్వు ఆపేశాను. కొత్తదల్లా తెలుసుకోదగ్గది కాదన్నమాట.

మూడోది ఉబర్ పరిశోధకులు కనిపెట్టినది. 2021లో ‘నేచర్’లో వచ్చింది. చేరిన మంచి చోటును గుర్తుపెట్టుకో, ముందు అక్కడికి తిరిగి వెళ్ళు, ఆ తర్వాతే కొత్తది వెతుకు. ఇంతే సూత్రం. అంతకు ముందు యంత్రాలు మంచి చోటు దాకా వెళ్ళి కూడా ఆ దారి మరిచిపోయేవట.

ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమని భగవద్గీత చెబుతుంది. మా నాయన కూలికి పోయేటప్పుడు సాయంత్రం డబ్బు వస్తుందనే పోతాడు. ఆయనకు ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. మార్కులు కూడా అలాంటివే. అవి అబద్ధం కావు, వాటితోనే మాలాంటి వాళ్ళకు తలుపులు తెరుచుకుంటాయి. తాళం చెవికి 100 పాయింట్లు ఇవ్వడం తప్పు కాదు. స్కోరు రాని చోట విలువే లేదనుకోవడం తప్పు. నిచ్చెనకు పాయింట్లు లేవు. నిచ్చెన దిగకుండా తాళం చెవీ లేదు.

యంత్రానికీ మనకూ ఒక తేడా ఉందని నాకు అనిపిస్తుంది. స్కోరు కావాలన్న కోరికను దానికి మనుషులు పెట్టారు. కుతూహలాన్ని కూడా వాళ్ళే పెట్టారు. “నేను దీన్నే ఎందుకు కోరుకోవాలి?” అని ఆ యంత్రం అడగలేదు. మనం అడగగలం. అడగగలిగీ అడగకపోతే ఆ తేడా ఎందుకు? అందుకే మామ ప్రశ్నకు ఇంకొక ప్రశ్న జోడించాలనుకుంటున్నాను. తెలుగు చదివితే ఏమొస్తుంది అని అడగడం న్యాయమే. చదవకపోతే ఏం పోతుంది అని కూడా అడగాలి.

అన్నయ్య ఊరికి పోయిన మరుసటి రోజు తాత పుస్తకం తెరిచాను. “రెండు తూముల రాగులు” అని ఉంది. తూము అంటే చెరువుకు ఉండేది కదా, రాగులకు తూము ఏమిటి అన్నాను. అవ్వ నవ్వి, “అది కొలత రా, పుట్టికి ఇరవై తూములు” అంది. ఒక పేరు దగ్గర మాత్రం చాలాసేపు ఆలోచించింది. “తెలిసినోళ్ళే... ఎవురో గుర్తు రాలే” అంది. రెండేళ్ళ కిందట చదివి ఉంటే చెప్పేదేమో. ఆ పేరు కింద పెన్సిలుతో గీత గీసి ఉంచాను.

ఇప్పుడు రోజుకు ఒక పేజీ చదువుతున్నాము. తరగతిలో “ఇది పరీక్షకు వస్తుందా?” అని ఇప్పటికీ అడుగుతాను. రాదు అన్నా పెన్ను మాత్రం మూయడం లేదు.