మడ్‌గార్డు మీది నంబరు

రాజమండ్రి,
ఆదివారం.

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీర్వదించి రాస్తున్నది.

మీ పెద్దమ్మ మోకాళ్ళ సంగతి నీకు తెలియంది కాదు. కిందటి నెల ఆ థార్‌లో మమ్మల్ని అన్నవరం తీసుకెళ్ళావు చూడు, ముందు సీటు జరిపి ఆ సందులోంచి వెనక్కి ఎక్కడానికి ఆవిడ పడ్డ పాట్లు చూసి నువ్వు నవ్వావు, నేనూ నవ్వాను. తిరిగొచ్చాక ప్రసాదం పొట్లం నా చేతిలో పెట్టి, రెండు చేతులా తలుపు పట్టుకుని దిగి, "బండి బానే ఉంది గానీ, మనుషులెక్కడానికి చేసినట్టు లేదు" అంది. ఆ మాట పట్టుకుని ఈ ఉత్తరం రాయడం లేదు. ఫోనులో మొదలెడితే "సిగ్నల్ పడింది పెదనాన్నా, మళ్ళీ చేస్తా" అంటావు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

జీపంటే గిట్టక రాస్తున్నానని మాత్రం అనుకోకు. మహీంద్రా వాళ్ళు 1947లో బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలెట్టారు. మా రోజుల్లో రంపచోడవరం దాటితే డాక్టరైనా, తాసిల్దారైనా, పురిటి నొప్పుల మనిషైనా ఆ జీపే గతి. 2020లో వచ్చిన నీ థార్ దానికి మనవడి వరస. నేలకీ బండి పొట్టకీ మధ్య 226 మిల్లీమీటర్ల ఖాళీ, 650 మిల్లీమీటర్ల నీళ్ళలో నడిచే శక్తి అని నువ్వు గడగడా ఒప్పచెబుతుంటే ముచ్చటేసింది. ఆ శక్తంతా నువ్వు పొద్దున్నే గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్ళి, సెల్లార్లో రెండు స్తంభాల మధ్య ముందుకీ వెనక్కీ ఆడించి నిలబెట్టడానికి వాడుతున్నావు. లీటరుకి తొమ్మిది వస్తోందని నువ్వే అన్నావు. వెనకాల కూరగాయల సంచీ పెట్టాలంటే సీటు మడవాలిట. పోనీ, వయసులో అవన్నీ సరదాగానే ఉంటాయి. ఎనిమిది నెలలుగా నెలకి నీ జీతంలో మూడో వంతు దానికి అద్దె కడుతున్నావని మీ నాన్న చెప్పాడు. నన్ను పట్టుకున్నది అది కూడా కాదు. చెబుతాను, ఆగు.

మా ఊళ్ళో అద్దె సైకిళ్ళ కొట్టుండేది. గంటకి పావలా. కొట్టువాడు అన్ని సైకిళ్ళకీ వెనక మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరు వేసి ఉంచేవాడు. మా నాన్నకి సైకిలు కొనే స్తోమతు లేదు. నేనూ మీ నాన్నా పావలా పోగేసుకుని నాలుగో నంబరు సైకిలు తీసుకుని గట్టుమీదికి వెళ్ళేవాళ్ళం. హైస్కూలు దగ్గరికొచ్చేసరికి మీ నాన్న వెనక కూచుని, కాలు వెనక్కి మడిచి, పంచె కొంగు నంబరు మీదికి జార్చేవాడు. వాడికి పదేళ్ళు అప్పుడు. ఆ వయసుకే వాడికెవరు నేర్పారో! ఊరందరికీ ఆ సైకిలు కొట్టువాడిదని తెలుసు. అయినా కప్పేవాళ్ళం. అప్పుడు కప్పడానికి నంబరన్నా ఉండేది.

ఇప్పుడు 1986 సంగతి. పెద్ద గోదావరి వచ్చి భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన ఏడు, ఆ వరదకి నెల ముందు. మారేడుమిల్లి అవతల రెండు గదుల బడి కట్టే పని సబ్ కాంట్రాక్టుకి పట్టుకున్నాను. సిమెంటు తోలడానికీ, కూలీలని దింపడానికీ రంపచోడవరంలో ఒకాయన దగ్గర నెలవారీ అద్దెకి జీపు తీసుకున్నాను. కాగితం లేదు, కలం లేదు, నోటిమాట. నడిపింది నేనే. కింద రెండు పొట్టి పిడులు, ఒకటి ముందు చక్రాలకి, ఒకటి బరువు గేరుకి. అవి పట్టుకుంటే కొండైనా ఎక్కుతాననిపించేది. దారి పొడుగునా జనం "జీపు మేస్త్రిగారు" అనేవాళ్ళు. మండపేట నుంచి మా మావగారు వచ్చి ఒకసారి ఆ జీపెక్కి, దిగాక బానెట్టు మీద చెయ్యేసి నిమిరారు. "బాగా వృద్ధిలోకి వచ్చావు బాబూ" అన్నారు. నాదని నేను చెప్పలేదు. నాది కాదనీ చెప్పలేదు. నవ్వి ఊరుకున్నాను.

జూలైలో మూడు రోజులు ఏకధారగా వాన. పని ఆగింది, కూలీలు ఇళ్ళకి పోయారు. అద్దె మాత్రం ఆగదుగా. జీపు చెట్టు కింద తడుస్తుంటే చూరు కింద కూచుని వేళ్ళ మీద లెక్క పెట్టుకునేవాణ్ణి, ఇవాళ్టికి ఇంత, నిన్నటికి ఇంత అని. నాలుగో రోజు వాన తెరిపిచ్చింది. వాగు దగ్గర పశువులు కాసే ముసలాయన కర్ర మీద గడ్డం ఆనించి, "పొద్దు వాలేదాకా ఉండండి బాబూ, లాగుతాది" అన్నాడు. నీళ్ళు తగ్గుతాయని ఆయన మాట. నాకు తెలియదా? తెలుసు. అయినా రెండు పిడులూ లాగి దింపేశాను. ధైర్యమనుకుంటావేమో, కాదు. మూడు రోజుల అద్దె రాబట్టుకోవాలన్న యావ.

నడి వాగులో నీళ్ళు బానెట్టుకి తగిలాయి. ఇంజను లోపలెవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక్క దెబ్బకి ఆగిపోయింది. ఆగినదాన్ని మళ్ళీ రెండుసార్లు సెల్ఫ్ కొట్టాను, అదొక తెలివి. సాయంత్రానికి ఆ ముసలాయన ఎడ్లే బండిని గట్టెక్కించాయి. షెడ్డులో విప్పి చూస్తే కనెక్టింగ్ రాడ్లు రెండు వంగిపోయాయి, ఇంజను బోరుకొచ్చింది. రిపేరు ఖర్చు నాది. జీపు షెడ్డులో ఉన్న ఇరవై మూడు రోజుల అద్దె కూడా నాదేనన్నాడు యజమాని. కాగితం లేదు కనక కాదనడానికి నాకు నోరు లేదు.

నీ చిన్నప్పుడు పెళ్ళి ఫొటో చూసి, మీ పెద్దమ్మ మెళ్ళో నాను ఏదని అడిగావు, గుర్తుందా? "అరిగిపోయిందిరా" అంది ఆవిడ. ఆ జూలైలోనే అరిగింది.

అంతకన్నా పెద్దది ఇంకోటుంది, ఎవరికీ చెప్పలేదు. సంగతి తెలిసి మావగారు షెడ్డుకి వచ్చారు. అక్కడ యజమాని, ఈయనెవరో తెలియక, "మా జీపు ముంచాడండీ ఆ మేస్త్రి" అని మొదలెట్టాడు. మావగారు అంతా విన్నారు. టీ తాగారు, గ్లాసు బల్లమీద పెట్టారు, బస్సెక్కి వెళ్ళిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తరవాత ఆయన బతికినంత కాలం నేను ఏ లెక్క చెప్పినా రెండోసారి అడిగేవారు. నాను పోయినందుకు నేనంత ఏడవలేదు.

ఈ కాలం పిల్లల సంగతే నాకు అంతుపట్టదు. మంచం అద్దె, ఫ్రిజ్జు అద్దె. మొన్న మన వీధిలో పెళ్ళికొడుకు షేర్వాణీ అద్దెట, తాళి కట్టిన గంటకి కొట్టు కుర్రాడు వచ్చి అరుగు మీద కూచున్నాడు. మారేడుమిల్లికి నున్నటి తారు రోడ్డు పడ్డాక శనాదివారాలు నీ బండిలాంటివి బారులు తీరి వచ్చి, వాగులో చక్రాలు తడిపి వీడియో తీసుకుని పోతున్నాయి. నువ్వూ శనివారం శనివారం అనంతగిరి కొండలకి పోతున్నావుట. ఎందుకురా అంటే, "వారమంతా సెల్లార్లో ఉంటుంది కదా పెదనాన్నా, కట్టిన అద్దె వసూలు చేసుకోవద్దూ" అన్నావు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, ముసలి గోల చాలు. చెప్పింది చెయ్యి.

బండికున్నది తెల్ల పలక. అద్దెకిచ్చి మనల్ని నడుపుకోమనే బండికి నల్ల పలక మీద పసుపు అక్షరాలుండాలి, అది పద్ధతి. నీది ఎవరో స్నేహితుడి స్నేహితుడు తన సొంతానికి కొనుక్కున్న బండి. సొంత బండి పాలసీ అద్దె వాడకానికి వర్తించదు. రేపు ఏ స్కూటరువాడికో తగిలితే, అద్దెకి తిప్పుతున్నారని తేలాక కంపెనీ పక్కకి తప్పుకుంటుంది, నువ్వూ ఆయనా కోర్టు మెట్ల మీద మిగులుతారు. నెలాఖరుకి తిరిగిచ్చెయ్. అంతగా ఉండలేకపోతే నల్ల పలక బండి కాగితం మీద తీసుకో. ఆ కాగితంలో టైర్లు, క్లచ్చి, బండి కింది భాగం ఎవరి ఖాతాలో ఉన్నాయో చదువు. కొండా గుట్టా ఎక్కే బండే అయినా రోడ్డు దిగితే ఊరుకోమని రాసుకునేవాళ్ళే ఎక్కువ, అదీ చూడు.

ఇచ్చేలోపు ఎండు రోడ్డు మీద, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైలో పెట్టకు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య తేడా సర్దే డిఫరెన్షియల్ నీ బండిలో లేదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, పొడి తారు మీద జారలేవు, ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. వానలో అండర్‌పాసు కింద నీళ్ళు కనిపిస్తే వెనక్కి తిప్పు. 650 అన్నది లోతు తెలిసిన నిలవ నీళ్ళలో మెల్లగా పోయేవాడికి. ఒకవేళ ఆగిపోతే మళ్ళీ స్టార్టు చెయ్యకు, దిగి తోయించు. అప్పగించే రోజు నాలుగు పక్కలా, కింద కూడా ఫొటోలు తీసుకో. చలాన్లేమైనా ఉంటే ఆ రోజే కట్టేసి రసీదు చూపించు. ఎనిమిది నెలలు కట్టింది ఒక కాగితం మీద కూడు. మంచి సెకండ్ హ్యాండ్ చిన్న కారుకి బయానా కాదు, సగం ధర వస్తుంది.

ఇక కాకినాడ సంబంధం. పెళ్ళిచూపులనాడు వాళ్ళ నాన్నగారు గేటు దాకా వచ్చి ఆ బండి చుట్టూ తిరిగి, బానెట్టు మీద చెయ్యి వేశారు. "బుక్ చేస్తే ఎన్నాళ్ళకి వచ్చింది బాబూ" అని అడిగారు. నువ్వు నవ్వి ఊరుకున్నావు. పక్కనే ఉన్నాను, నేనూ ఊరుకున్నాను. అది నా తప్పు.

వాళ్ళకి నేను ఫోను చెయ్యను, మీ నాన్న చేత చేయించను. తాంబూలాలు శుక్రవారం. బుధవారం లోపల నువ్వే ఆయనకి ఫోను చేసి, బండి అద్దెది, తిరిగిచ్చేస్తున్నాను అని చెప్పు. ఇంకేమీ చెప్పక్కర్లేదు. అమ్మాయికి కూడా విడిగా చెప్పు.

ఈ ఉత్తరం మీ పెద్దమ్మకి చూపించలేదు. శుక్రవారం మేమిద్దరం పొద్దున్న రైల్లో వస్తాం. స్టేషనుకి నువ్వు రానక్కర్లేదు, ఆటో దొరుకుతుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న