తీర్పు చెప్పేవాళ్ళను ఎలా ఎంచాలి?

ఒకరు తప్పు చేశారని మాట వస్తే, దాన్ని తేల్చాల్సింది ఎవరు? ఆ మనిషిని బాగా తెలిసినవాళ్ళా, అస్సలు తెలియనివాళ్ళా?

తెలిసినవాళ్ళే మేలని మొదట అనిపిస్తుంది. వాళ్ళకు మన భాష, మన ఇంటి పరిస్థితి, మన గుణం తెలుసు. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు పంచాయితీ చేసింది ఆ నమ్మకంతోనే. జడ్జితో పాటు మామూలు జనం కొందరు కూర్చుని విని, నేరం జరిగిందో లేదో చెప్పే జూరీ పద్ధతిలోనూ ఇలాంటి నమ్మకమే ఉంది. కానీ తెలిసినవాళ్ళలో మనకు కావలసినవాళ్ళు ఉంటారు, కిట్టనివాళ్ళూ ఉంటారు.

పోనీ, చీటీలు వేసి ఎంచితే? సుమారు 1100 ఏళ్ళ క్రితం తమిళనాడులోని ఉత్తరమేరూరులో ఊరి సభకు సభ్యుల్ని అలాగే ఎంచారు. తాటాకు చీటీల మీద పేర్లు రాసి, కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాడితో తీయించేవారు. లెక్కలు అప్పజెప్పనివాళ్ళ పేర్లు, వాళ్ళ దగ్గరి బంధువుల పేర్లు ఆ కుండలోకే వెళ్ళేవి కావు. పాత గ్రీసులో ఏథెన్సు నగరం కూడా చీటీల పద్ధతిలోనే జూరీని ఎంచింది. అయినా క్రీ.పూ. 399లో సోక్రటీసుకు మరణశిక్ష వేసింది అలాంటి జూరీయే! చీటీ వల్ల ఎంచేవాడి పక్షపాతం పోతుంది గానీ, కూర్చున్నవాళ్ళ మనసులో ముందే ఉన్న అభిప్రాయం పోదు.

మన దేశంలోనూ ఇది చూశాం. 1959లో బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీద హత్య కేసు నడిచింది. కొన్ని పత్రికలు ముందునుంచే ఆయన్ని మెచ్చుకుంటూ రాశాయి. తొమ్మిది మంది జూరీలో ఎనిమిది మంది నేరం లేదన్నారు. జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు. హైకోర్టు శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. 1973లో వచ్చిన నేరవిచారణ చట్టంలో ఇక జూరీకి చోటే లేదు.

మన బళ్ళారి సంగతే చూద్దాం. ఇది నేరం కేసు కాదు, రెండు భాషలవాళ్ళ తగాదా. 1953లో బళ్ళారి తాలూకా మాదంటే మాదని తెలుగువాళ్ళు, కన్నడిగులు వాదించుకున్నారు. విచారణ పని జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాకు అప్పగించారు. ఆయన తెలుగువాడూ కాదు, కన్నడిగుడూ కాదు. చివరికి ఆ ఏడు అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మన పెద్దల్లో చాలామందికి అది బాధే. కానీ తెలుగు జడ్జి మనకే ఇచ్చి ఉంటే కన్నడిగులు ఒప్పుకునేవారా? కన్నడ జడ్జి వాళ్ళకే ఇచ్చి ఉంటే మనం ఊరుకునేవాళ్ళమా?

అందుకే నాకు తోచేది ఇది. గెలిచినవాడికి ఏ తీర్పైనా న్యాయంగానే కనిపిస్తుంది. ఓడినవాడు కూడా “నా మాట విన్నారు, నా శత్రువును నా మీద కూర్చోబెట్టలేదు” అనగలిగితేనే అది మంచి విచారణ.

క్లాసులో పెన్ను పోయినా మనం “నిప్పు లేనిదే పొగ రాదు” అని ఒకరి మీద ముద్ర వేసేస్తాం. అలా చేయకుండా ఐదుగురి పేర్లు చీటీ తీద్దాం. అందులో ఎవరైనా వద్దని చెప్పే హక్కు మాట పడినవాడికి ఇద్దాం. ఇద్దరి మాటా పూర్తిగా విందాం. రుజువు లేకపోతే వదిలేద్దాం. పెన్ను మళ్ళీ కొనుక్కోవచ్చు. దొంగ అన్న పేరు పడితే, అది బడి దాటి ఇంటిదాకా వెంట వస్తుంది.