గార్డు డబ్బా లెక్క

ధారూర్ మండలంలో మాదొక చిన్న బడి. కిటికీలోంచి చూస్తే రైలు పట్టాలు కనబడతాయి. వికారాబాద్ నుంచి తాండూరు మీదుగా కర్ణాటకలోని వాడికి పోయే లైను అది. తాండూరు వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కాబట్టి గూడ్సులకు కొదవ లేదు. బండి వచ్చిందంటే పాఠం ఆగాల్సిందే, నా గొంతు నాకే వినబడదు. చాలా ఏళ్లు ఆ రెండు నిమిషాలంటే నాకు చిరాకు.

పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని స్టాఫ్‌రూమ్‌లో అందరికంటే ఎక్కువ అన్నవాణ్ని నేనే. దసరా దాటితే ఇక్కడ పత్తి ఏరే రోజులు. నవంబరులో ధారూర్ మెథడిస్టు జాతర. హాజరు పట్టీలో ఆబ్సెంట్లు చూసి, వీళ్లింతే అనేవాణ్ని. అనడానికి పెద్ద కష్టమేమీ ఉండదు కదా.

ఒక సోమవారం ఏడో తరగతి అమ్మాయి నోట్‌బుక్ దిద్దుతున్నాను. ఎప్పుడూ గుండ్రంగా రాసే పిల్ల, ఆ రోజు అక్షరాలన్నీ వంకరటింకర. ఎర్రపెన్నుతో ‘శ్రద్ధ లేదు’ అని రాసి, అందరి ముందూ నిలబెట్టాను.

“రాయొస్తలేదు సార్, చేతులు మండుతున్నయ్.”

చూపించమన్నాను. ఎండిన పత్తికాయ మొనలు గుచ్చుకుని గోళ్ల చుట్టూ చర్మం చిట్లింది. చూపుడువేలి పక్కన, సరిగ్గా పెన్ను ఆనేచోట, నెత్తురు గడ్డకట్టి నల్లగా ఉంది. శని, ఆదివారాలు అమ్మతో చేనుకు పోయిందట. ఎన్ని కిలోలు ఏరిందో చెప్పింది, కిలోకు ఎంతో చెప్పింది. మొత్తం ఎంతయిందో కూడా కాగితం లేకుండా తనే చెప్పింది. ఆ గుణకారాలే వారం నుంచి బోర్డు మీద చేయిస్తున్నాను. ఒక్కరోజూ ఆమెను లేపి అడగలేదు.

రాసిన ఆ రెండు మాటల్ని కొట్టేశాను. కొట్టేస్తే ఇంకా ఎర్రగా కనబడ్డాయి.

టెత్సుకో కురొయనాగి రాసిన జపాన్ పుస్తకం ఒకటుంది, తెలుగులో ‘రైలుబడి’గా వచ్చింది. పాత రైలుపెట్టెల్లో బడి నడిపిన హెడ్మాస్టరు కొబయాషి, చేరడానికి వచ్చిన చిన్నపిల్ల కబుర్లను తొలిరోజే నాలుగు గంటలు వింటాడు. మా క్లాసుకొస్తే తెలిసేది ఆయనకు, అనుకున్నాను చదివినప్పుడు. ఇప్పటికీ అదే అంటాను: నాలుగు గంటలు మా టైంటేబుల్లో పట్టవు. ఆ అమ్మాయికి మాత్రం ఒక్క నిమిషం సరిపోయేది.

సాయంత్రాలు లెసన్‌ప్లాన్ బుక్కు చివరి పేజీలో, ఇవాళ ఎవరి గొంతు వినలేదో ఆ పేర్లు రాసుకుంటున్నాను. ఇన్‌స్పెక్షన్‌కు చూపేది కాదు. మొదటి వారం చూసుకుంటే అందులో కిటికీ వైపు వరస మొత్తం ఉంది.

మొన్న గూడ్సు వచ్చింది. చాక్‌పీస్ పక్కన పెట్టి, డబ్బాలు లెక్కపెట్టమన్నాను. నలభై రెండు అని కిటికీ వరసే ముందు అరిచింది. ఆ అమ్మాయి లేచింది.

“కాదు సార్, నలభై మూడు. గార్డు డబ్బా ఇడిసిపెట్టిండ్రు.”

గార్డు డబ్బాను కలపాలా వద్దా అని, గంట కొట్టేదాకా తగువే.