ఆతతాయి

శ్రీమద్భగవద్గీతను నిత్యము పారాయణ చేయువారికి ప్రథమాధ్యాయమున అర్జునుని నోట వచ్చు "ఆతతాయి" అను పదము సుపరిచితమే. అర్థము తెలిసినదే యని దానిని దాటిపోవుచుందుము. ఒకింత నిలిచి చూచినచో ఆ పదమే మనకొక ధర్మపాఠము కాగలదు.

"తను" ధాతువునకు సాగదీయుట, విస్తరింపజేయుట అని యర్థము. "ఆ" అను నుపసర్గ చేరగా "ఆతతము", అనగా లాగి బిగించినది, అగుచున్నది. వింటినారిని లాగి పట్టి మీదికి వచ్చువాడు ఆతతాయి. శుక్లయజుర్వేదమందలి శతరుద్రీయములో "ఆతతాయినే" అనియు, తైత్తిరీయ పాఠమున "ఆతతావినే" అనియు, ఎక్కుపెట్టిన విల్లుగల రుద్రునకు నమస్కారము కలదు. అచట నింద లేదు. తరువాతి వ్యవహారమున పరులను చంప నుద్యమించిన వాడని అమరసింహుడు చెప్పెను. నిప్పు పెట్టువాడు, విషమిడువాడు, ఆయుధపాణియై మీద పడువాడు, ధనమును, భూమిని, భార్యను అపహరించువాడు, ఈ యార్వురును ఆతతాయులని స్మృతివచనము. లక్కయిల్లు మొదలు ద్రౌపదీ పరాభవము వరకు కౌరవుల చరిత్రము చూడుడు. అర్జునుడు ఆ పదమును ఊరక వాడలేదు.

భాగవత ప్రథమస్కంధమున ఈ విచారమే మరల వచ్చును. నిద్రించుచున్న ద్రౌపదీ కుమారులను చంపిన అశ్వత్థామను అర్జునుడు బంధించి తెచ్చి ఆమె యెదుట నిలిపెను. కడుపుకోతతో కుములుచున్న ఆ తల్లి గురుపుత్రునకు నమస్కరించి, తనవలె కృపి యేడువరాదని విడిపింప గోరెను. భీముడు వధింపవలె ననెను. బ్రాహ్మణుడు వధ్యుడు కాడనియు, ఆతతాయి వధ్యుడనియు, రెండును పాటింపవలసినవే యనియు శ్రీకృష్ణ పరమాత్మ పలికెను. స్వామి హృదయ మెరిగిన అర్జునుడు వాని శిరోమణిని కేశములతో గూడ ఖండించి, శిబిరమునుండి వెడలగొట్టెను. దండనయు తప్పలేదు, దయయు తప్పలేదు.

పాఠశాలలో మా గురువుగారు ఈ పదము చెప్పుచు, "నాయనా, ఇందులో బాణమింకను విడువబడలేదు సుమా! నారి మాత్రమే లాగబడినది" అనెడివారు. ఆనాడు అది వ్యాకరణ మనుకొంటిని. ఈ వయసున దాని లోతు తెలియుచున్నది. దుష్టుని నిలువరించుట రాజధర్మము, దానిని కాదనరాదు. కాని మన యిండ్లలో, అన్నదమ్ముల భూమి తగవులలో, అత్తాకోడండ్ర మాటలలో, దినమున కెన్నిసార్లు మనమే నారి లాగుచున్నాము! మాట పెదవి దాటనంతవరకు సడలించు శక్తి మన చేతిలోనే యున్నది. ఆ క్షణమున ద్రౌపదీ దేవిని తలచి, గోవింద నామము నుచ్చరింతుముగాక.