జబ్బుపడిన పనివాడు ఎవరివాడు?

దావీదు అమాలేకీయులను తరుముచు పోవుచుండగా పొలములో ఒక ఐగుప్తీయుడు కనబడెను. మూడు దినములుగా వానికి అన్నపానములు లేవు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, ప్రాణము తెప్పరిల్లిన తరువాతనే దావీదు, నీవెవరివాడవని అడిగెను. తాను ఒక అమాలేకీయుని దాసుడననియు, జబ్బుపడినందున యజమానుడు విడిచిపోయెననియు వాడు చెప్పెను (1 సమూ. 30). ఆ యజమానుడు వానిని కొట్టినట్లు వ్రాయబడలేదు. పనికి రాడని విడిచెను, అంతే.

ప్రియ చదువరులారా, పల్నాటివారికి ఈ సంగతి దూరమైనది కాదు. మిరపకాయల కోతకు తెల్లవారకముందే ట్రాక్టరెక్కి పోవు తల్లులలో ఒకతె నడుము పట్టుకొని కూలబడినయెడల, మేస్త్రి మరునాడు మరియొకతెను పిలుచుకొనును. ఆమె జబ్బు ఆమెది.

ఫ్యాక్టరీ కూలివాని విషయములో మన దేశపు చట్టము 1948లోనే ఈ మాటను కాదనెను. ఆ సంవత్సరపు ఉద్యోగుల రాజ్య బీమా చట్టము, అనగా జనులు ఇ.ఎస్.ఐ. అనునది, జబ్బును యజమానుని లెక్కలోనికి తెచ్చెను. 2019 జూలై నుండి జీతములో నూటికి 3 రూపాయల 25 పైసలు యజమానునివి, 75 పైసలు పనివానివి. యజమానుడు తన వంతును పనివాని జీతములో కోయరాదు. జబ్బు భత్యము పుచ్చుకొనుచున్నవానిని పనినుండి తీసివేయరాదని కూడ ఆ చట్టము విధించెను. అమాలేకీయునికి వేసిన కళ్లెమిది. దాని స్థానమున 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. ప్రాణాపాయకరమైన పనియని ప్రభుత్వము ప్రకటించినచోట ఒక్క పనివాడున్నను ఈ బీమా వర్తించునని అందులో నున్నది. సున్నపు దుమ్ము పీల్చు పిడుగురాళ్ల బట్టీలవారు ఈ మాటను చెవిని వేసికొనవలెను.

సాధారణముగా పదిమందికి తక్కువైనచోట నిర్బంధము లేదు. ఇరుపక్షములును ఒప్పుకొనిన చేరవచ్చును. పొలము కూలీల సంగతి ఇంకను చిక్కు. నేడు ఒకరి చేను, రేపు మరియొకరిది. ఒక్క దినము నా చేనిలో కోసినదాని జబ్బు నాకెట్లు అంటునని రైతు అడుగును. ఆ ప్రశ్నను తోసివేయలేము, అతడును అప్పులవాడే. అయినను అదే లెక్కన 400 రూపాయల కూలికి అతని వంతు 13 రూపాయలగును. ఒకడు మోయలేనిదానిని అందరును దినదినము కొంచెము మోయుటయే ఆ చట్టములోని కీలకము. ఒక్క దినపు బలము పుచ్చుకొనినవాడు ఒక్క దినపు వంతైనను బాకీపడడా?

ప్రభుత్వ ఆసుపత్రి యున్నదిగదా, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినదిగదా అని కొందరందురు. మేలే. అది ప్రభుత్వము ప్రజలకు చేయునది. పని చేయించుకొనినవాని బాకీ వేరు. కపెర్నహూము శతాధిపతి తన దాసుని జబ్బును తన సొంత పనిగా ఎంచి యూదుల పెద్దలను పంపెను.

ఇది వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది. మా ఆలయములో గంట కొట్టు పెద్దాయన ఒక వర్షాకాలమున మూడు వారములు జ్వరపడెను. సంఘము ప్రార్థన చేసెను; స్త్రీల సమాజమువారు బియ్యము పంపిరి. నెలాఖరున ఆ మూడు వారముల జీతము తగ్గించి ఇచ్చితిమి. బియ్యము దయ, జీతము బాకీ అని మా కమిటీలో ఎవరికిని తోచలేదు. లెక్క వ్రాసినది నేను. ఆయన వేలిముద్ర వేసి, వందనాలయ్యగారూ అని వెళ్లిపోయెను.