కంఠమునకు ప్రమాణమేది?

మదురలోను కోయంబత్తూరులోను మన పాతకాపురపు టిండ్లలో పెక్కింట తెలుగు గ్రంథములకంటె టేపుచుట్టలే మిగిలియున్నవి. లిపి రాని పిల్లలకు చెవి యొక్కటే పుస్తకము గదా! తిరుమలనాయకుని కాలము (1623–1659) నాటి వైభవమును సభలలో తలచుకొనుట సులభము. అటకమీది చుట్టనుండి అవ్వ పాడిన లాలిపాటను చెడకుండ దించుకొనుట కష్టము. ఆ దించుకొనుటలో పుట్టిన యొక ధర్మసందేహమును పాఠకుల ముందుంచుచున్నాము.

ముందు యంత్రము సంగతి. టేపు సెకనునకు 7½ అంగుళములు గాని, అందు సగము 3¾ అంగుళములు గాని నడువవలెను. దానిని లాగునవి మోటారు త్రిప్పు సన్నని యుక్కుకడ్డీయు, దాని నొరసికొని తిరుగు రబ్బరు చక్రమును. రబ్బరు గట్టిపడి నునుపెక్కినను, బెల్టు సాగినను, ఇరుసులోని పాత గ్రీజు జిగురైనను టేపు జారును, తడబడును. స్పిరిటుతో తుడిచి, ఇరుసునకు చుక్క నూనె వేసి, బెల్టు మార్చినచో సగము రోగములు కుదురును. 1932లో పైకారా నీటివిద్యుత్తు వచ్చిన నాటినుండి మిల్లులతో పెరిగిన కోయంబత్తూరున ఇది పెద్ద విద్య కాదు. వేగము సరిచూచుటకు పనికిరాని టేపుపై 37½ అడుగుల యెడమున రెండు గుర్తులుంచి గడియారము చూచిన చాలును. 7½ వేగమున అది సరిగా 60 సెకనులలో దాటవలెను. మూడున్నర సెకనులు ఎక్కువ పట్టినచో పాట హార్మోనియముమీద ఒక మెట్టు దిగినట్లే.

ఇంతవరకు చిక్కు లేదు. కాని యంత్రము తన తప్పును తాను వినజాలదు. మందముగా నడచునది మందముగానే వ్రాసికొని మందముగానే వినిపించును. రెండు తప్పులు కలిసి ఒప్పుగా తోచును. జ్ఞానమునకు ప్రామాణ్యము స్వతస్సిద్ధమని మీమాంసకులు, వెలుపలినుండి రావలెనని నైయాయికులు వాదించిరి. మెట్రిక్యులేషనుతో నాగిన మాకు ఆ వాదమున ప్రవేశము స్వల్పము. అయినను టేపురికార్డరు విషయమున నైయాయికులదే గెలుపు.

మా యెరుకలోని ఒక యింటికి 60 సైకిళ్ల కరెంటునకు చేసిన యంత్రము విదేశమునుండి వచ్చినది. మన కరెంటు 50 సైకిళ్లు. మోటారు ఇరుసునకు వేయవలసిన లావుపాటి తొడుగు నెవరును వేయలేదు. యంత్రము ఆరింట అయిదు వంతుల వేగముననే నడచినది. ఏండ్లతరబడి ఆ యింట నెవరికిని అనుమానము రాలేదు. అది మూలబడినపిమ్మట చుట్టను వేరొక యంత్రమున నెక్కింపగా అవ్వ కంఠము మూడు మెట్లకు పైగా హెచ్చి బాలిక కంఠమైనది. ఆ నకలును విని పెరిగిన మనుమరాలికి అదియే అవ్వ. పెద్దకొడుకు కాదనెను. అవ్వ గతించి చాలకాలమైనది. ఎవరి మాట ప్రమాణము?

సాక్షి టేపులోనే యున్నది. పాట వెనుక సన్నగా గుయ్యిమను కరెంటు హోరు పాడిననాడు 50 సైకిళ్లది. నకలులో అది 60గా వచ్చినది. ధూమమును బట్టి అగ్ని నూహించినట్లు, వేగమును ఆరవవంతు తగ్గింపవలెనని తేలినది. (కరెంటు కొరతనాళ్లలో 50 కూడ కొంత దిగుట కలదు, సాక్షియు ఆ మేరకు తడబడును.) వింత యేమనగా, టేపును శుభ్రము చేయువారు మొట్టమొదట చెరిపివేయునది ఆ హోరునే!

అంతలో ఆ యింట మరియొక కోరిక పుట్టినది. అవ్వ పాట నడుమ కోడలిని తమిళమున కేకవేసినది. ఉన్నది అనుటకు "ఉండాది" అన్నది. ఆంధ్రదేశపు బంధువులు నవ్వకుండ అవికూడ తీసివేయుడని యొకరనిరి. వేగమును దిద్దుట ధర్మమైనచో దీనిని దిద్దుట ఏల కాదు? నకళ్లు వ్రాయు గుమాస్తాపనిలో మేము నేర్చినది ఒక్కటే: తన కలము జారినచోట దిద్దుకొనవచ్చును గాని అసలులోని మాటను దిద్దు హక్కు నకలు వ్రాయువానికి లేదు. వేగము తగ్గుట యంత్రపు కలము జారుట. తమిళపు కేక అవ్వది. 7½ అంగుళములకు వెలుపల కొలబద్ద కలదు. అవ్వ తెలుగునకు కొలబద్ద గుంటూరులో నున్నదని యెవరు నిర్ణయించిరి? నవ్వు బంధువుల యంత్రమును ఎవరు సరిచూచిరి? అవ్వయే బ్రతికియుండినచో సిగ్గుపడి తీసివేయుమనియుండెడిదేమో యను నాక్షేపము బలమైనదే. కాని ఆమె సిగ్గును ఆమె పక్షమున మనము పడరాదని మా తలంపు.

తుదకు ఆ యింటివారు వేగమును మాత్రము దిద్దించి, హోరును కేకను ఉన్నవి యున్నట్లుంచి, అసలు చుట్టను పారవేయక పెట్టెలో దాచిరి. మనుమరాలు మాత్రము పాత నకలునుగూడ విడువలేదు. అది అవ్వ గొంతు కాదని ఆమె యెరుగును. అయినను బిడ్డను నిద్రపుచ్చునపుడు దానినే పెట్టుచున్నది. వలదనుటకు మాకు నోరు రాలేదు.